మూడు తాడిచెట్ల ఎత్తున

వైశాఖ బహుళ దశమి

గాలి నైరుతి నుంచి, మోస్తరుగా. ఎండ తీవ్రం. దాసు విమానం కూలిపోయింది. దాసు లేడు.

ఈ చిట్టాలో గాలి, పోటు, ఎగిరినవాళ్ళు, దిగినవాళ్ళు తప్ప మరేమీ రాయకూడదని మా గురువు వర్మగారి నియమం. ఇన్నాళ్ళూ అలాగే రాశాను. ఈరోజు మాత్రం ఆ నాలుగు ముక్కలతో ఆపడం నావల్ల కావడం లేదు.

పొద్దున రన్‌వే నేనే ఊడ్చాను. పోటుకి కొట్టుకొచ్చిన నాచు, పీతలు, ఒక చచ్చిన తాబేలు. తర్వాత మెకానిక్ మస్తాన్‌వలీ, నేనూ కలిసి తూనీగల్ని మంచినీళ్ళతో కడిగాం. ఉప్పు పట్టిన రెక్కను అలాగే వదిలేస్తే వానాకాలానికల్లా పుచ్చిపోతుంది. తూనీగ అంటే నలుగురు పట్టే ఒంటి ఇంజను విమానం. ముంపులో రోడ్లూ వంతెనలూ సముద్రం పాలయ్యాక, లంకల మధ్య మందులూ ఉత్తరాలూ రోగులూ తిరిగేది వీటిలోనే. కొండపట్నం ఆసుపత్రికి పడవలో వెళితే పగలంతా పడుతుంది. తూనీగలో అరగంట. మా రన్‌వేకి మూడు తూనీగలు ఉండేవి. ఇప్పుడు రెండు.

దాసు మిట్టమధ్యాహ్నం తూర్పు లంకల నుంచి వచ్చి దిగాడు. మందుల పెట్టెలు ఎక్కించేలోగా నీడన నిలబడి మజ్జిగ తాగాడు.

"సువార్తక్కా, ఇందులో ఉప్పేశావా, సముద్రం నీళ్ళు పోశావా?" అన్నాడు మొహం అదోలా పెట్టి.

"తాగి పోరా, చెమటలో పోయిందంతా తిరిగి రావాలంటే అంతుండాలి," అన్నాను.

నవ్వుతూ ఎక్కాడు. విమానం నేలను వదిలింది. మూడు తాడిచెట్ల ఎత్తుకి వెళ్ళాక ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆ తర్వాతి నిశ్శబ్దం రాయడం నాకు చేతకాదు. దాసు వర్మగారు నేర్పినట్టే చేశాడు. ఎడమకి తిప్పి రన్‌వే మీదికి రాబోయాడు. సగం తిరిగేసరికి లోపలి రెక్క కిందికి జారింది. వేగం చాలక విమానం గాలిని వదిలేసి, రాయిలా నీళ్ళలో పడింది.

ఈ వేసవిలో ఇది మూడోది. మొదటిది మా రన్‌వే పైలట్ అప్పన్నది. నడుం విరిగి బతికాడు. విమానాన్ని మాత్రం మస్తాన్‌వలీ మళ్ళీ నిలబెట్టాడు. రెండోది తూర్పు లంకల పైలట్. ఆమె దక్కలేదు. మూడుసార్లూ ఒకటే తీరు: లేచిన వెంటనే ఇంజను ఆగడం, వెనక్కి తిరగబోవడం, పడిపోవడం.

వైశాఖ బహుళ త్రయోదశి

దాసు ఇంజనుని నీళ్ళలోంచి తీసి, కడిగి ఆరబెట్టి, మస్తాన్‌వలీ దిమ్మె మీద బిగించాడు. మా రన్‌వేకి మెకానిక్ అతనొక్కడే. తాడు లాగగానే ఇంజను అందుకుంది. ఎంతసేపు తిప్పినా ఎక్కడా తడబడలేదు.

"ఏముందమ్మా ఇందులో? పెళ్ళికూతురిలా ఉంది," అన్నాడు. మంచి ఇంజనుని చూసి మనిషి అంత దిగులుపడటం నేనెప్పుడూ చూడలేదు.

విమాన సంఘం పెద్దలు పడవలో వచ్చారు. అధ్యక్షురాలు నల్లా సీతారత్నంగారు ఇంజను తిరుగుతుంటే చుట్టూ ఒకసారి నడిచి చూసి, "ఇంజనులో లోపం లేదు. మిగతా రెండింట్లోనూ లేదన్నారు. అంటే నడిపినవాళ్ళలోనే లోపం," అన్నారు. ఇంకొక్క విమానం పడితే రన్‌వే మూసేసి, ఉన్నవాటిని విడిభాగాలకి అమ్మేస్తామని కూడా చెప్పి వెళ్ళారు.

వర్మగారూ అక్కడే ఉన్నారు. దంతులూరి భాస్కరవర్మగారంటే ముంపుకి ముందు నుంచీ విమానాలు నడుపుతున్న మనిషి. లంకల్లో ఎగిరే ప్రతివాళ్ళకీ ఆయనే గురువు. ఆయన దాసు తరఫున నోరు విప్పకపోతే నాకు బాధేసింది.

సాయంత్రం దాసు భార్య మంగతాయారు వచ్చి ఇంజను షెడ్డు గుమ్మంలో నిలబడింది.

"ఆయన చెయ్యి తప్పిందంటన్నారు వదినా. నిజవేనా?"

"కాదనుకుంటున్నాను."

"అనుకోడం కాదు. నువ్వు పక్కనే ఉన్నావు గదా. రేపు నా పిల్లలకి నేనేం చెప్పాలి?"

"నాకింకా తెలీదు మంగా. తెలుసుకుని చెప్తాను. తెలిసేదాకా వదలను."

ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. ఏడవలేదు. అందుకే నేనిచ్చిన మాట నా మీద ఇంకా బరువుగా కూర్చుంది.

అమావాస్య

పెద్దపోటు. పొద్దున్నే రన్‌వే సగం దాకా నీళ్ళు. ఎవరూ ఎగరలేదు. నేను పడవేసుకుని అప్పన్న ఇంటికి వెళ్ళాను.

అప్పన్న మంచానికి ఆనుకుని వల అల్లుతున్నాడు. నడుం కింద దుప్పటి. నన్ను చూసి, "దాసుగాడి గురించేనా?" అన్నాడు.

"నీ గురించి కూడా. ఆ రోజు ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పు."

"మొదటంటే ఎక్కడ్నించి? పొద్దున్న రెండు లంకలు తిరిగాను. ఏ గొడవా లేదు. మధ్యాహ్నం ఇక్కడ దిగాను. ఒక ముసలాయన్ని దింపి ఇంకో ఇద్దరిని ఎక్కించుకున్నాను. ఒక బొండం తాగినంత సేపు ఆగి ఉంటాను. మళ్ళీ లేచాను. పోయింది."

"లేచేముందు ఇంజను బాగానే ఉందా?"

"బాగానే అందుకుంది. నేల మీద బుద్ధిగా తిరిగింది. పూర్తి వేగానికి లాగి పైకెత్తాక మోసం చేసింది, దొంగముండ."

బొండం తాగినంత సేపు. దాసు మజ్జిగ తాగినంత సేపు. తిరిగొస్తూ పడవలోనే తూర్పు లంకల వాళ్ళని వైర్‌లెస్‌లో పిలిచాను. వాళ్ళ పైలట్ కూడా మధ్యాహ్నం దిగి, రోగిని ఎక్కించుకుని వెంటనే లేచిందట. పొద్దున చల్లటి ఇంజనుతో లేచిన విమానం ఒక్కటీ పడలేదు. పడినవన్నీ వేడి ఇంజనుతో, ఎండలో కాసేపు ఆగి, మళ్ళీ లేచినవే.

కారణమేమిటో ఇంకా తెలీదు. కానీ చెయ్యి తప్పడం కాదు. చెయ్యి తప్పితే పొద్దున కూడా తప్పుతుంది.

జ్యేష్ఠ శుద్ధ తదియ

ఈరోజు వర్మగారితో పోట్లాడాను.

ఇంజను ఎందుకు ఆగుతుందన్నది ఒక సంగతి. ఆగాక మనిషి ఎందుకు చావాలన్నది ఇంకో సంగతి. లేచిన వెంటనే ఇంజను ఆగితే వెనక్కి తిప్పి రన్‌వే మీద దించమని వర్మగారు మా అందరికీ నేర్పారు. ఆయన లెక్క ఆయనకుంది. ముందున్నది సముద్రం. నీళ్ళలో దిగితే విమానం పోయినట్టే. పోయిన విమానం మళ్ళీ రాదు. కొత్తవి చేసే కార్ఖానాలు ఇప్పుడెక్కడున్నాయి?

"మూడు చెట్ల ఎత్తున తిప్పడం కుదరదండి. ముందుకే దించాలి," అన్నాను.

"కుదరదని ఎవరు చెప్పారు నీకు? నేను తిప్పాను. రెండుసార్లు తిప్పి దించాను."

"ఎంత ఎత్తు నుంచి?"

ఆయన షెడ్డు వైపు నడిచారు. నేను వెంట నడిచాను.

"మీరు నా పక్కన కూర్చోండి. పైకెళ్ళి చూద్దాం. మీ లెక్కే నిజమైతే మళ్ళీ ఈ మాట ఎత్తను."

పొద్దుటి చల్లదనంలో ఇద్దరం లేచాం. మేఘాల దాకా ఎక్కి, అక్కడి ఎత్తునే నేల అనుకుందామన్నాను. టేకాఫ్‌లో ఎక్కినట్టే ముక్కు ఎత్తి, ఇంజనుని దాదాపు ఆగినంత నెమ్మదిగా, గొణుగుడు మీదికి దించేశాను. ఎవరికైనా ఇంజను ఆగిందని అర్థం కావడానికి కాస్త సమయం పడుతుంది కదా, ఆ కాసేపు చేతులు కదపలేదు. తర్వాత ముక్కు దించి ఎడమకి తిప్పాను. రన్‌వే వైపు మొహం తిరిగేసరికి ఎత్తు చూపించే ముల్లు వైపు వేలు చూపించాను. ఏడు తాడిచెట్ల ఎత్తు కరిగిపోయింది.

"నువ్వు మెల్లగా తిప్పావు," అన్నారు వర్మగారు. "నాకివ్వు."

ఆయన తిప్పారు. ఆయన చెయ్యి నా చెయ్యి కంటే ఎంతో శుభ్రం. అయినా ఆరు చెట్లు పోయాయి. ఇంకాస్త గట్టిగా తిప్పి చూశారు. రెక్క వణికి, విమానం ఒక పక్కకి దబ్బున జారింది. ఆయనే సర్దారు. అంతెత్తున ఉన్నాం కాబట్టి సర్దుకోగలిగాం.

దిగాక పట్టీ విప్పుకుంటూ, "విమానాలు ఎక్కడ్నించి తెస్తావమ్మా?" అన్నారు. కోపంగా కాదు, నిజంగా అడిగారు.

"పైలట్లని ఎక్కడ్నించి తెస్తామండీ?" అన్నాను.

ఆయన కిందికి దిగి, రెక్కకి పట్టిన ఉప్పు చేత్తో తుడిచారు. నియమం మార్చలేదు. కానీ ముందుకే దించాలన్న నన్ను ఆపనూ లేదు.

జ్యేష్ఠ శుద్ధ షష్ఠి

రోహిణి కార్తె. షెడ్డు రేకుల కింద నిలబడలేకపోతున్నాం.

విమానాలకి బ్యాటరీలు దొరకడం ఆగిపోయాక మాకు నాచు నుంచి బట్టీలో తీసే పెట్రోలే దిక్కు. ఇవాళ ఎండలో ఉన్న డబ్బా మూత తిప్పగానే బుస్సుమని నా మొహం మీదికి ఆవిరి కొట్టింది. నిరుడు ఇలా ఉండేది కాదు. మస్తాన్‌వలీని పిలిచాను.

"సలికాలంలో ఇంజన్లు అందుకోట్లేదని మనవే గోల పెట్టాం గదమ్మా," అన్నాడు అతను. "అప్పట్నించీ తొందరగా ఆవిరయ్యే తేలిక సరుకు కలుపుతున్నారు నాచు బట్టీలో. ఎండలు ముదిరినా మానినట్టు లేదు."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఒక గిన్నెలో కాస్త పెట్రోలు పోసి, వేడి నీళ్ళ తొట్టిలో ఆ గిన్నె పెట్టాం. నీళ్ళు చెయ్యి పెట్టగలిగేంత వేడిగానే ఉన్నాయి. పెట్రోలు మాత్రం అన్నం ఎసరులా బుడగలు కక్కింది.

తూనీగలో పెట్రోలు గొట్టం పొగగొట్టానికి ఆనుకుని వెళుతుంది. విమానం ఎగురుతున్నంతసేపూ గాలి తగిలి గొట్టం చల్లగా ఉంటుంది. దిగి ఆగితే ఆ గాలి ఉండదు. ఇంజను మూత కింద వేడంతా గొట్టానికెక్కి లోపలి పెట్రోలు ఆవిరవుతుంది. నేల మీద తిరగడానికి కొంచెం పెట్రోలు చాలు కాబట్టి ఇంజను బాగానే అందుకుంటుంది. పూర్తిగా లాగినప్పుడు కావలసినంత రాదు. ఆవిరే వస్తుంది. పడ్డాక చల్లారితే ఆవిరి మళ్ళీ పెట్రోలైపోతుంది. దిమ్మె మీద పెళ్ళికూతురిలా తిరుగుతుంది.

"ఇది ఊహే అమ్మా," అన్నాడు మస్తాన్‌వలీ. "కళ్ళతో చూడాలి."

అందుకని నా తూనీగ గొట్టంలో ఒక జానెడు గాజు గొట్టం ముక్క అతికించాడు. పైలట్ కళ్ళకి కనిపించేలా కాక్‌పిట్ లోపల నుంచి తిప్పాడు. బట్టీ వాళ్ళకి వైర్‌లెస్‌లో చెప్పాను. ఉన్న సరుకు అయ్యాక చూస్తామన్నారు.

జ్యేష్ఠ శుద్ధ ద్వాదశి

మూడు రోజులు ఆలస్యంగా, ఎడమచేత్తో రాస్తున్నాను. కుడి కాలర్ ఎముక విరిగింది.

నవమి నాటి మధ్యాహ్నం పీతల్లంక నుంచి పిలుపు. అక్కడ పీతల చెరువులు నడిపే వీర్రాజుకి కడుపునొప్పి. కొండపట్నం డాక్టరు వైర్‌లెస్‌లో లక్షణాలు విని, పేగు పగలకముందే తీసుకురమ్మన్నారు. నేను వెళ్ళి దిగాను. దిగగానే ఇంజను మూత తెరిచి, గోనె సంచులు తడిపి గొట్టం మీద వేయించాను. పూర్తిగా చల్లారేదాకా ఆగుదామనే అనుకున్నాను.

కానీ పడమట ఆకాశం నల్లబడింది. గాలివాన వస్తోంది. అది ముంచుకొస్తే సాయంత్రం దాకా ఎగరలేం. వీర్రాజు తాటాకు చాప మీద మెలికలు తిరుగుతున్నాడు. పిడికిళ్ళు తెల్లబడేలా బిగించాడు.

"ఆగుదామా, ఎల్దామా?" అని అతని తమ్ముడు అడిగాడు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "ఇంజను ఇంకా వేడిగా ఉంది. లేచాక ఆగిపోవచ్చు. ఆగితే నీళ్ళలో దించుతాను. ఇక్కడే ఉంటే కడుపులో పేగు పగలొచ్చు."

వీర్రాజే జవాబిచ్చాడు. "ఆయ్, నీళ్ళంటే నాకు బయం లేదండి. పుట్టిందే నీళ్ళలో. పదండి."

అతని తమ్ముణ్ణి, "మీ పడవలు రెండింటిని రన్‌వే చివర నీళ్ళలో నిలబెట్టించు," అన్నాను. లేచేముందు ముందున్నదంతా చూసుకున్నాను. వలకట్టు కర్రలకి ఎడమగా నడుం లోతు నీళ్ళు, కింద బురద. ఆగితే అక్కడే, ఇంకెక్కడా కాదు అని పైకే అనుకున్నాను.

విమానం నేలను వదిలింది. ఒక చెట్టు. రెండు చెట్లు. గాజు ముక్కలో పెట్రోలు తేటగా పారుతోంది. ఒక బుడగ కనిపించింది. వెనకే ఇంకో నాలుగు. చూస్తుండగానే గాజంతా తెల్లటి నురగైంది. ఇంజను దగ్గి ఆగిపోయింది.

నా చెయ్యి దానంతటదే ఎడమకి కదిలింది. ఇది దాచకుండా రాయాలి. వెనక ఉన్న రన్‌వే నన్ను పేరుపెట్టి పిలిచినట్టే ఉంది. అది ఇంత పొడుగు, ఎండిన నేల. ముందున్నవి నీళ్ళు. నేను ఆ చేతిని ఆపి, ముక్కు దించాను. మిగిలిన పనులు వాటంతటవే వచ్చాయి: పెట్రోలు కట్టేయడం, తలుపు గడియ తీయడం, "తల ఒళ్ళో పెట్టుకో!" అని వీర్రాజు మీద అరవడం. నీళ్ళ మీద చివరిదాకా ముక్కు ఎత్తి పట్టుకున్నాను. తోక తగిలింది. చక్రాలు నీళ్ళలో చిక్కుకోగానే విమానం ముక్కు మీద నిలబడి, మెల్లగా తిరగబడింది.

తలకిందులుగా వేలాడుతున్నాను. నోట్లో ఉప్పు, బురద. పక్కన నీళ్ళు చిమ్ముతూ వీర్రాజు గొంతు: "ఏవండీ, ఇదేనా కొండపట్నం?"

పట్టీ కోసి ఇద్దరం తలుపులోంచి బయటపడ్డాం. నిలబడితే నీళ్ళు నడుం దాకా. పడవలు అప్పటికే వస్తున్నాయి.

గాలివాన వచ్చి ఇంజన్లన్నిటినీ, నేలనీ చల్లార్చి పోయింది. ఆ వెంటనే వర్మగారు చివరి తూనీగలో వచ్చి వీర్రాజుని తీసుకెళ్ళారు. పేగు పగలడానికి కాస్త ముందు కోశారట. బతికాడు. తిరిగొచ్చాక వర్మగారు బురదలో బోర్లాపడిన నా విమానాన్ని చూసి పెదవి కొరుక్కున్నారు. తర్వాత నా దగ్గరికి వచ్చి, తన కండువా తీసి నా చేతిని మెడకి కట్టారు.

"నురగ చూశావా?"

"చూశానండి. పాలపొంగులా."

"సరే," అన్నారు. "ఇంక మాట్లాడాల్సింది నేను."

జ్యేష్ఠ బహుళ విదియ

సంఘం రన్‌వే మూసేయమంది. వర్మగారు వాళ్ళ లంకకి వెళ్ళి కొన్నాళ్ళు గడువు తెచ్చారు. అక్కడేం మాట్లాడారో చెప్పలేదు. నిన్న పెద్దలందరినీ మా రన్‌వే మీదికి పిలిచారు.

మిగిలిన ఒక్క తూనీగకీ గాజు ముక్క అతికించి, నాలుగు సరుగుడు మొద్దులకి మోకులతో కట్టేశాం. నిన్న కాసేపు తిప్పి, ఆపి, ఆగి, మళ్ళీ పూర్తిగా లాగాం. మబ్బు పట్టి చల్లటి గాలి వీస్తోంది. ఇంజను హాయిగా తిరిగింది. ఎంతకీ ఆగలేదు.

"మీ ఇంజనుకి మీ మాట మీద గౌరవం లేనట్టుంది," అన్నాడు ఒక పెద్దాయన. మిగతావాళ్ళు నవ్వారు. మస్తాన్‌వలీ తల దించుకున్నాడు.

"రేపు కూడా ఉండండి," అన్నాను. "ఎండ కాసేదాకా ఉండండి. మా విమానాలు పడింది ఎండలో. మబ్బులో కాదు."

సీతారత్నంగారు నన్నూ, నా మెడకున్న కట్టునీ చూశారు. "ఉంటాం," అన్నారు.

ఇవాళ ఎండ కాసింది. ఇసక మీద కాలు పెట్టలేని ఎండ. ఇంజను తిప్పి బాగా వేడెక్కించాం. ఆపి, మూత బిగించి వదిలేశాం. పెద్దలకి తలో బొండం ఇచ్చాను. తాగడం అయ్యాక వర్మగారు కూర్చుని ఇంజను అందించారు. బుద్ధిగా అందుకుంది. పూర్తిగా లాగారు. మోకులు బిర్రబిగిశాయి. ఇసక లేచి మా మొహాల మీద కొట్టింది. నేను సీతారత్నంగారి చెయ్యి పట్టుకుని తలుపు దగ్గరికి తీసుకెళ్ళి, గాజు ముక్క చూపించాను. బుడగలు వచ్చాయి. నురగ వచ్చింది. ఇంజను దగ్గి, దగ్గి, ఆగింది.

మోకులు వదులై కిందికి వాలాయి.

మూత తెరిచి, తడిగోనెలు వేసి, గొట్టం చల్లారాక మళ్ళీ తిప్పాం. ఏమీ ఎరగనట్టు తిరిగింది.

"అయితే దాసు తప్పేమీ లేదా?" సీతారత్నంగారి గొంతు మెత్తబడింది.

వర్మగారు విమానంలోంచి దిగారు. "లేదండి. ఇంజను ఆగింది పెట్రోలు వల్ల. కుర్రాడు చచ్చిపోయింది నేను నేర్పిన మలుపు వల్ల. రెండూ ఇవాళ్టితో మారతాయి. మీరు ఒప్పుకుంటే మంచిది. ఒప్పుకోకపోయినా నా దగ్గర నేర్చుకునేవాళ్ళకి మాత్రం మారతాయి."

ఒప్పుకున్నారు. బట్టీకి అక్కడి నుంచే కబురు వెళ్ళింది. తేలిక సరుకు చలికాలానికే. గొట్టాన్ని పొగగొట్టానికి దూరంగా తిప్పి, జనపనార చుట్టాలి. ట్యాంకు దగ్గర నుంచే పెట్రోలు నెట్టే చిన్న పంపు పెట్టాలి. ఎండలో ఆగిన విమానం మూత తెరిచే ఆగాలి. అన్నిటికంటే ముందు, లేచిన వెంటనే ఇంజను ఆగితే తిరగడం లేదు. ఎదురుగా ఏది మెత్తగా ఉంటే అందులోకి.

పెద్దల పడవలు వెళ్ళాక నేను మంగతాయారు ఇంటికి నడిచాను. పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి, మొదట్నుంచీ అన్నీ చెప్పాను. మీ నాన్న చెయ్యి తప్పలేదని చెప్పాను. ఆమె అప్పుడు ఏడ్చింది.

ఆషాఢ బహుళ సప్తమి

తూర్పు లంకల వాళ్ళు ఒక తూనీగ ఇచ్చారు. ఇప్పుడు మళ్ళీ రెండు. మార్చిన గొట్టంతో ఇన్నాళ్ళూ ఎండల్లో, వానల్లో ఎగిరాం. ఒక్కటీ ఆగలేదు. నా ఎముక అతుక్కుంది. నిన్నటి నుంచి నేనూ ఎగురుతున్నాను.

ఇవాళ వర్మగారు ఒంటరిగా ఉత్తరాల సంచులు, మందుల పెట్టె వేసుకుని లేచారు. గాలి పడమర. ఆకాశం తేట. మస్తాన్‌వలీ, నేను, శిక్షణకి వచ్చిన నలుగురూ రన్‌వే పక్కన నిలబడి ఉన్నాం.

విమానం చెట్ల పైకి ఎక్కిందో లేదో టపాకాయ పేలినట్టు చప్పుడైంది. వెనకే నల్లటి పొగ. పంఖా ఆగిపోయింది. ఇది ఆవిరి కాదు. లోపల ఏదో విరిగింది. పెట్రోలు ఒక్కటేనా ఇంజనుని ఆపేది? ఆపడానికి వంద ఉన్నాయి.

మేం ఆయన రెక్కలే చూస్తున్నాం. నలభై ఏళ్ళుగా ఎడమకి తిప్పాలనే నమ్మిన మనిషి. అందరికీ తిప్పమని నేర్పిన మనిషి. శిక్షణకి వచ్చిన పిల్ల ఒకతె, "తిప్పకండి, తిప్పకండి," అని గొణుగుతోంది. ఎడమ రెక్క కొద్దిగా వాలింది.

రెక్క మళ్ళీ సమంగా నిలబడింది. ముక్కు కిందికి వంగింది. తూనీగ తిన్నగా, నెమ్మదిగా, రన్‌వే అవతలి గట్టు దాటి రొయ్యల చెరువులోకి దిగింది. పెద్ద చప్పుడు, తాడిచెట్టంత నీళ్ళు, తర్వాత ఏమీ లేదు.

పరిగెత్తాం. గట్టెక్కేసరికి వర్మగారు ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. మీసాలంతా బురద. నుదుటి మీద చిన్న గాయం. మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని, మునగకుండా పట్టుకున్నారు. వెనక తూనీగ ఒక రెక్క విరిగి, పక్కకి ఒరిగి, మెల్లగా మునుగుతోంది.

మస్తాన్‌వలీ దాన్ని చూసి నెత్తి కొట్టుకున్నాడు. "పోయిందండి వర్మగారూ! రెక్క పోయింది, ఇంజను పోయింది, ఇంకేం మిగల్లేదండి!"

"నేను మిగిలాను గదయ్యా," అన్నారు వర్మగారు. "చెయ్యందివ్వు."

ఇద్దరం లాగి గట్టు మీద కూర్చోబెట్టాం. ఆయన నా వైపు తిరిగారు.

"లాగిందమ్మా ఎడమకి. ఎంత గట్టిగా లాగిందనుకున్నావు."

"తెలుసండి."

"ఆ కుర్రాడు గుర్తొచ్చాడు." తల తుడుచుకుని, చుట్టూ నిలబడ్డ శిక్షణ పిల్లల్ని చూశారు. "చూశారుగా. నోటితో వంద సార్లు చెప్పక్కర్లేకుండా పోయింది. ఇంక నిలబడి చూస్తారేంటి? సంచులు తియ్యండి. మందులు తడవలేదు. కొండపట్నంలో ఎదురుచూస్తున్నారు."

పిల్లలు చెరువులోకి దూకారు. నేను పెట్టె చంకనెత్తుకుని రెండో తూనీగ వైపు నడిచాను. ఎక్కి కూర్చుని, పంపు చూసుకుని, మూత బిగింపులు చూసుకుని, ఎదురుగా ఉన్న నీళ్ళన్నీ ఒకసారి చూసుకున్నాను. గట్టు అవతల కుడివైపు మడ చెట్లు లేని మెత్తటి చోటొకటి ఉంది. అక్కడే అనుకున్నాను.

పూర్తిగా లాగాను. నేల వదిలింది. ఒక చెట్టు. రెండు. మూడు. ఇంజను తిరుగుతూనే ఉంది.